సాలీడు కనిపిస్తే చెప్పు తియ్యకండి, సీసా తియ్యండి

అమ్మాయి పురిటికని అమెరికా బయల్దేరే తల్లులం సూట్‌కేసులో ఏమేం సర్దుకుంటాం? వాము, శొంఠి, కాయం, కరివేపాకు కారం, పసిబిడ్డకి పరవడానికి మెత్తటి పాతచీరలు. ఎంత సర్దినా ఏదో ఒకటి మర్చిపోతాం. నేను మర్చిపోయింది భూతద్దం. నవ్వకండి. కాన్సాస్ రాష్ట్రంలో ఓవర్‌లాండ్ పార్క్ అనే ఊళ్లో మా అమ్మాయి ఇంట్లో దిగిన పదో రోజున, తెచ్చుకున్న సామానంతటికంటే అదే ఎక్కువ అవసరమైంది.

రెండేళ్ల కిందటి మే నెల. అమ్మాయికి రెండో పురుడొచ్చి నాలుగు రోజులైంది. పసివాడి తువ్వాళ్లు తీద్దామని గోడ అలమర తెరిచాను. అడుగున పెట్టిన తువ్వాలు దులపగానే గోధుమరంగు సాలీడొకటి కిందపడి గోడవారగా పరుగు తీసింది. మనకి మొదట చేతికందేది ఏమిటి? చెప్పే. ఒక్కటే దెబ్బ. నేలమీద మరక మిగిలింది, తుడిచేశాను.

సాయంత్రం కాఫీ దగ్గర ఆ మాట చెప్పేసరికి అల్లుడి మొహంలో రంగు మారింది. "నలిపేశారా అత్తయ్యగారూ? వీపుమీద ఫిడేలు మచ్చ ఉందేమో చూశారా?" అన్నాడు. సాలీడు వీపుమీద ఫిడేలేమిటి, నా మొహం! "చూడలేదు బాబూ" అన్నాను. ఆ మాటతో మూడు రాత్రులు ఆ ఇంట్లో ఎవరికీ కంటిమీద కునుకు లేదు. పసివాడి మంచం గది నడిమికి జరిపాం. గంటకోసారి దుప్పట్లు దులిపాం. ఇల్లంతా మందు కొట్టించాలని అల్లుడు, బాలింత, పసిబిడ్డ ఉన్న ఇంట్లో మందేమిటని అమ్మాయి. ఇంతకీ నేను చంపింది విషపు సాలీడో, పాపం ఏ వాన పురుగునో తిని బతికే సాధు జీవో ఈనాటికీ తెలియదు. తెలుసుకునే అవకాశం నా చెప్పు కిందే పోయింది.

మీ అమ్మాయో, కోడలో, చెల్లెలో కాన్సాస్, మిస్సోరీ, టెక్సాస్ వైపు ఉంటే ఈ పేజీని ఫొటో తీసి పంపండి.

ఎవరీ ఏకాంతవాసి?

మా అల్లుడు భయపడిన సాలీడు పేరు బ్రౌన్ రిక్లూజ్. రిక్లూజ్ అంటే జనానికి దూరంగా, ఒంటరిగా మసిలేది అని. పేరుకు తగ్గట్టే ఇది ఎదురుపడి కరిచే రకం కాదు. పగలంతా చీకటి సందులో నక్కి ఉంటుంది. రాత్రిపూట తిండికి బయటికొస్తుంది. ఎవరూ కదపని అట్టపెట్టెలు, అటక, సోఫా వెనక భాగం, నెలల తరబడి తొడగని బూట్లు దీనికి ఇష్టమైన చోట్లు. మనం ఆ బూటులో కాలు పెట్టినప్పుడో, మడత విప్పని చొక్కా తొడిగినప్పుడో, నిద్రలో పక్కకి ఒత్తిగిలినప్పుడో ఒంటికీ బట్టకీ మధ్య నలిగితే అప్పుడు కరుస్తుంది. తిండి లేకుండా నెలల తరబడి ఉండగలదు. అందుకే పెట్టెలతోపాటు ఊళ్లూ తిరుగుతుంది.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా గుర్తు పెట్టుకోవాలి. ఇది అమెరికా అంతటా ఉండేది కాదు. కాన్సాస్, మిస్సోరీ, ఓక్లహామా, ఆర్కాన్సా, టెక్సాస్‌లో చాలా భాగం, టెన్నెసీ, కెంటకీ, లూసియానా, మిసిసిపీ, అలబామా, ఆ చుట్టుపక్కల రాష్ట్రాల్లో కొంత. అంటే దేశానికి నడుమ, దక్షిణాన. మనవాళ్లు కిక్కిరిసి ఉండే న్యూజెర్సీ, న్యూయార్క్, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతాలు దీని ఊళ్లు కావు. కాలిఫోర్నియా, అరిజోనా ఎడారుల వైపు దీని దాయాదులు ఉన్నాయి కానీ అవి ఇళ్లలో అంతగా కనిపించవు.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో రిక్ వెటర్ అని సాలీళ్ల మీద పనిచేసిన ఆయన ఒకరున్నారు. "మీ ఇంట్లో బ్రౌన్ రిక్లూజ్ ఉందని అనుకుంటే నాకు పంపండి, పేరు చెబుతాను" అని దేశమంతటికీ చాటించారు. 49 రాష్ట్రాల నుంచి 1,773 వచ్చిపడ్డాయట! 2005లో ఆ లెక్క అచ్చయింది. ఈ సాలీళ్లు సహజంగా ఉండని రాష్ట్రాలు 29 ఉంటే, అందులో 25 రాష్ట్రాల నుంచి వచ్చిన వాటిలో ఒక్కటంటే ఒక్కటి కూడా ఆ జాతిది కాదు. కొన్నయితే అసలు సాలీళ్లే కావు. కాబట్టి సాలీడుని చూడకముందే మీరున్న రాష్ట్రం ఏదో చూసుకోండి. సగం భయం అక్కడే తీరిపోతుంది.

ఫిడేలు చూసి మోసపోకండి

అందరూ చెప్పే గుర్తు వీపుమీది ఫిడేలు మచ్చ. తలా, రొమ్మూ కలిసిన ముందుభాగం పైన ముదురు గోధుమరంగులో ఉంటుంది. మన కచేరీల్లో విద్వాంసులు ఫిడేలుని ఎలా పట్టుకుంటారో గుర్తు తెచ్చుకోండి. వెడల్పాటి డొల్ల భాగం పైన, మెడ కిందికి, పాదం వైపు. ఇక్కడా అంతే. డొల్ల భాగం సాలీడు కళ్ల వైపు, మెడ పొట్ట వైపు ఉంటుంది.

కానీ ఈ మచ్చ ఒక్కదాన్నే నమ్మితే లాభం లేదు. పిల్ల సాలీళ్లకి అది సరిగా కనిపించదు. ఏ హానీ చేయని మరికొన్ని సాలీళ్లకి అలాంటి మచ్చలే ఉంటాయి. మనిషి కన్ను కూడా తక్కువది కాదు, భయం వేస్తే ప్రతి మచ్చా ఫిడేలే!

అసలు గుర్తు కళ్లు. చాలా సాలీళ్లకి ఎనిమిది కళ్లు. దీనికి ఆరు. ఆ ఆరూ రెండేసి చొప్పున మూడు జతలు. ముందు ఒక జత, అటొకటి, ఇటొకటి. పూర్వం పొయ్యికి మూడు రాళ్లు పెట్టేవాళ్లం చూడండి, అలాగ. మామూలు కంటికి ఇవి ఆనవు. భూతద్దం కావాలి. ఫోన్ కెమెరాతో దగ్గరగా తీసి పెద్దది చేసి చూసినా కొంత తెలుస్తుంది.

కళ్లు చూశాక కాళ్లు చూడండి. కాళ్లన్నీ ఒకే రంగులో, చారలూ పట్టీలూ లేకుండా ఉండాలి. సన్నటి నూగు ఉంటుంది కానీ ముళ్లు ఉండవు. కాళ్లమీద ముళ్లు లేచి కనిపిస్తున్నాయంటే ఇది కాదు. పొట్ట కూడా అంతే, ఏ ముగ్గూ లేని సాదా రంగు. పొట్టమీద చుక్కలో, గీతలో, పూలో కనిపిస్తే వదిలెయ్యండి, మీరనుకున్నది కాదు. ఒళ్లు పావంగుళం నుంచి అరంగుళం దాకా, కాళ్లతో కలిపితే మన రెండు రూపాయల బిళ్లంత. అరచేయంత సాలీడుని చూసి రిక్లూజ్ అని కేక పెట్టేవాళ్లున్నారు. అంత పెద్దది కాదది.

ఆరు కళ్లు ఇంకొన్ని జాతులకీ ఉన్నాయి కాబట్టి కళ్లు, కాళ్లు, పొట్ట, కొలత అన్నీ ఒకదానికొకటి సరిపోవాలి. పిల్లకి సంబంధం చూసినట్టు, ఒక్క గుణం కలిస్తే చాలదు.

గూడు కూడా కొంత చెబుతుంది. తోటలో చక్రంలా అందంగా అల్లిన గూడు మధ్యలో కూర్చున్నది రిక్లూజ్ కాదు. పైకప్పు మూల బూజులో తలకిందులుగా వేలాడుతూ, వెంట్రుకల్లాంటి పొడుగు కాళ్లతో ఊగేదీ కాదు. గుడ్ల సంచిని వెనక తగిలించుకుని, పిల్లల్ని వీపుమీద మోసుకుంటూ పరిగెత్తేది తోడేలు సాలీడు, అదీ కాదు. రిక్లూజ్‌కి చీకటి మూలలో పింజలు పింజలుగా చిందరవందర దారాలే ఇల్లు.

పట్టుకోవడం ఎలా?

చేత్తో మాత్రం వద్దు. గాజు గ్లాసు బోర్లించండి, కిందనుంచి గట్టి అట్ట తోయండి. రెండూ కలిపి తిప్పి మూతున్న సీసాలో వేసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టండి. చచ్చాక కాస్త రబ్బింగ్ ఆల్కహాల్ పోస్తే పాడవదు. సీసామీద పెద్ద అక్షరాలతో రాసి అంటించడం మర్చిపోకండి. మా ఇంట్లో వాడింది జీలకర్ర సీసా. ఆ పక్కనే అసలు జీలకర్ర సీసా. తరవాత మాట మీకు చెప్పక్కర్లేదు, తృటిలో తప్పింది.

పట్టే ధైర్యం లేక చంపాల్సి వచ్చినా పచ్చడి చెయ్యకండి. ఒళ్లు చెడకుండా ఉంటే చచ్చినదాన్నయినా గుర్తుపట్టొచ్చు. అక్కడ దాదాపు ప్రతి కౌంటీకీ ఆ రాష్ట్ర విశ్వవిద్యాలయం తాలూకు ఎక్స్‌టెన్షన్ ఆఫీసు ఉంటుంది. మన వ్యవసాయ విస్తరణ కార్యాలయం లాంటిదనుకోండి. చాలాచోట్ల పురుగు పట్టుకెళితే పేరు చెప్పిస్తారు.

పుండు పేరు తప్పితే

మన ఇళ్లలో ఒంటిమీద దద్దురో పొక్కో లేస్తే ఏమంటాం? "ఏదో పురుగు పాకింది" అంటాం. ఏ పురుగు, ఎప్పుడు పాకింది అని ఎవరూ అడగరు. అమెరికాలో దానికి సరిసమానమైన మాట "స్పైడర్ బైట్". సాలీడుని ఎవరూ చూసి ఉండరు. పొద్దున లేచేసరికి పుండు ఉంటుంది, నింద సాలీడు మీద పడుతుంది. ఒక్కోసారి డాక్టర్లూ అదే మాట అనేస్తారు.

ఇది నవ్వుకుని వదిలేసే విషయం కాదు. మా వియ్యపురాలి చెల్లెలు న్యూజెర్సీలో ఉంటుంది. తొడమీద ఎర్రగా గడ్డ లేస్తే చూసిన డాక్టరు సాలీడు కాటన్నాడు. తనంతట అదే తగ్గుతుందిలెమ్మని ఆవిడ ఊరుకుంది. పది రోజులకి చీము పట్టింది, అదే తువ్వాలు వాడిన కొడుక్కీ అంటుకుంది. చీము పరీక్ష చేయిస్తే తేలిందేమిటంటే మామూలు మందులకి లొంగని ఎమ్మార్సా అనే సూక్ష్మజీవి. సరైన యాంటీబయాటిక్ పడ్డాక గానీ తగ్గలేదు. ఆ రాష్ట్రంలో ఆ సాలీడే లేదన్నది ఆమెకి అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు.

ఆ వైపే పిడుదు కాటువల్ల వచ్చే లైమ్ జబ్బు కూడా ఉంది. చర్మంమీద వలయంలా ఎరుపు పాకుతుంది. దాన్నీ సాలీడు కాటనుకుంటే మందు వేసుకోవలసిన రోజులు చేజారిపోతాయి. సర్పి, షుగరు పుండ్లు కూడా ఈ పేరు మోసినవే. ఇంకా ఒళ్లు గగుర్పొడిచే ఉదాహరణ ఒకటుంది. 2001లో అమెరికాలో ఉత్తరాల్లో ఆంత్రాక్స్ పొడి పంపిన రోజుల్లో న్యూయార్క్‌లో ఏడు నెలల పసివాడికి చేతిమీద పుండు లేచింది. మొదట బ్రౌన్ రిక్లూజ్ కాటనే అనుకున్నారు. తీరా చూస్తే అది ఆంత్రాక్స్! దేవుడి దయవల్ల ఆ బిడ్డ కోలుకున్నాడు.

మరి అసలు కాటు ఎలా ఉంటుంది? కరిచినప్పుడు పెద్దగా తెలియదు. కొన్ని గంటల తరవాత నొప్పి, మంట మొదలవుతాయి. సాధారణంగా ఒకే ఒక్క చోట ఉంటుంది. నడిమి భాగం ఉబ్బకుండా చదునుగానో కాస్త లోపలికి దిగినట్టో ఉండి, నీలంగా కమిలి, చుట్టూ పాలిపోయి, ఆపైన ఎర్రగా కనిపిస్తుంది. అమెరికా చర్మ వైద్యుల పత్రికలో 2017లో దీన్ని తిరగేసి చెప్పారు, ఏవి రిక్లూజ్ కాటు కావో. ఒంటిమీద రెండు మూడు చోట్ల పుండ్లుంటే కాదు. నడిమి భాగం ఎర్రగా ఎత్తుగా ఉబ్బితే కాదు. చీము కారుతుంటే కాదు. వారం తిరక్కుండానే పుండు పగిలితే కాదు. మూడు నెలలు దాటినా మానకపోతే కాదు. చలికాలంలో, పెట్టెలూ మూలలూ కదపకుండా వచ్చిందయినా అనుమానించాల్సిందే. ఇవన్నీ పక్కాగా తేల్చాల్సింది డాక్టరే అనుకోండి. కానీ "సాలీడేనంటారా? చీము పరీక్ష చేయించమంటారా?" అని అడిగే హక్కు మనకుంది. అడగండి.

నిజంగానే కరిచిందనుకోండి. సబ్బుతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు కాసేపు పెట్టి, తీసి, మళ్లీ పెట్టండి. చెయ్యో కాలో అయితే ఎత్తులో ఉంచండి. ఇక్కడే మన అలవాటు అడ్డొస్తుంది. వాపంటే చాలు కాపడం పెట్టేస్తాం. ఈ కాటుకి వేడి తగలకూడదు, విషం పని ఇంకా పెరుగుతుంది. సున్నం, పసుపు ముద్ద, బ్లేడుతో గాట్లు ఏవీ వద్దు. డాక్టరుకి చూపించండి. అమెరికాలో దీనికి విరుగుడు ఇంజక్షను దొరకదు, అయినా ఎక్కువ కాట్లు పుండు పెద్దది కాకుండానే మానిపోతాయి. కొన్ని మాత్రం నల్లగా చెక్కు కట్టి, మానడానికి వారాలు పట్టి మచ్చ వదిలి పోతాయి. అరుదుగా విషం రక్తంలో కలిసి ఎర్రకణాలను విరిచేస్తుంది. పెద్దవాళ్లకంటే పిల్లలకి ఈ ప్రమాదం ఎక్కువ. కాటు తరవాత మొదటి రెండు మూడు రోజుల్లో జ్వరం, వణుకు, ఒంటినిండా దద్దుర్లు, కళ్లు పచ్చబడడం, మూత్రం ముదురు రంగులో రావడం కనిపిస్తే ఒక్క నిమిషం ఆగకండి, ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. సలహాకి అక్కడ ఏ వేళైనా పలికే పాయిజన్ కంట్రోల్ వారి నంబరు 1-800-222-1222. ఫ్రిజ్ తలుపు మీద రాసి అంటించమనండి.

రెండు వేల యాభై ఐదు

మా ఇంట్లో నాలుగో రోజున గొడవ చల్లార్చింది ఒక లెక్క. అమ్మాయి ఎక్కడో చదివి చెప్పింది. వాళ్ల పక్క ఊరే లెనెక్సా. అక్కడ 19వ శతాబ్దపు పాత ఇంట్లో ఒక సంసారం కాపురముండేది. 2001 జూన్ నుంచి నవంబరు దాకా ఆ ఇంట్లో పట్టిన బ్రౌన్ రిక్లూజ్‌లు ఎన్నో తెలుసా? 2,055! అందులో కనీసం 400 మనిషిని కరిచి హాని చేసేంత పెద్దవి. ఆ ఇంట్లో వాళ్లలో ఒక్కరికీ కాటు పడలేదు. రిక్ వెటరూ మరొకావిడా 2002లో ఇది అచ్చువేశారు. రెండు వేలున్న ఇంట్లో ఎవరినీ కరవనివి, అసలు లేని రాష్ట్రంలో అంతమందిని ఎలా కరుస్తున్నాయన్నది వాళ్ల ప్రశ్న.

"చూశావా అమ్మా, రెండు వేలట!" అని అమ్మాయి ధైర్యంగానే చెప్పింది కానీ, ఆ మాట విని నాకు ఇంకో రాత్రి నిద్ర పట్టలేదు. అది వేరే విషయం.

ఆ తరవాత మందు కొట్టించే మాట మానేశాం. అయినా ఈ సాలీళ్లు సందుల్లో దాక్కుంటాయి, పైపైన కొట్టిన మందు వాటికి సరిగా తగలదు. జిగురు అట్టలు కొనుక్కొచ్చాం. పిల్లల చేతికందకుండా, సోఫా వెనకా మంచం కిందా గోడవారగా పెట్టాం. ఎన్ని పడ్డాయో, ఏ గదిలో పడ్డాయో చూస్తే ఇంటి సంగతి తెలిసిపోతుంది. ఖాళీ అట్టపెట్టెలు చూడాలి మరి! టీవీదొకటి, మైక్రోవేవ్‌దొకటి, ఇల్లు మారినప్పటివి పన్నెండు, "మళ్లీ మారితే పనికొస్తాయి" అని దాచినవి. అన్నీ పారేయించాను. దాచాల్సిన బట్టలు మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టాం. మంచాన్ని గోడకి జానెడు ఎడంగా జరిపి, దుప్పటి అంచులు నేలకి తగలకుండా లోపలికి దోపాం. బూట్లూ బట్టలూ తొడిగేముందు దులపడం ఇంటి నియమమైంది. చీపురుతో బూజు దులిపి, మూలలన్నీ వాక్యూమ్ పట్టాం.

ఆరో రోజున సామాన్ల గదిలోని అట్టకి ఒకటి అంటుకుంది. అల్లుడు కొనుక్కొచ్చిన భూతద్దంతో నేనే చూశాను. చారల్లేని కాళ్లు. సాదా పొట్ట. మూడు జతల కళ్లు. ఎక్స్‌టెన్షన్ ఆఫీసులోనూ అదే అన్నారు, బ్రౌన్ రిక్లూజే. చిత్రమేమిటంటే పేరు తెలిశాక మా భయం తగ్గింది. ఏమిటో తెలియని మరక కంటే సీసాలోని సాలీడు నయం. నేనున్న మిగతా నాలుగు నెలల్లో ఇంకో అయిదు పడ్డాయి. ఎవరికీ కాటు పడలేదు.

మరి మన ఇళ్లలో?

బ్రౌన్ రిక్లూజ్ మన దేశపు జీవి కాదు. మధ్యధరా సముద్ర ప్రాంతపు దాని దాయాది ఒకటి సామాన్లతో ప్రపంచమంతా తిరిగింది, మన దేశంలోనూ నమోదయింది. కానీ మన గోడ గడియారం వెనకనుంచీ, క్యాలెండరు వెనకనుంచీ దిగ్గున బయటపడే ఆ పెద్ద చదునైన గోధుమరంగు సాలీడు మాత్రం అది కాదు. ఒక్కోసారి రూపాయి బిళ్లలాంటి తెల్లటి గుడ్ల సంచిని పొట్టకింద పట్టుకుని తిరుగుతుందే, అదే. దానికి ఎనిమిది కళ్లు. బొద్దింకల్ని తిని మనకి ఉపకారమే చేస్తుంది.

మొన్న మా వంటింట్లో అలాంటిది కనిపించినప్పుడు వీడియో కాల్‌లో మా పెద్ద మనవరాలు ఉంది. "చంపకు అమ్మమ్మా, కళ్లు లెక్కపెట్టు" అని అరిచింది. దానికి ఏడేళ్లు. కళ్లజోడు పెట్టుకుని స్టూలెక్కాను. నేను లెక్కపెట్టేలోపే అది గ్యాసు సిలిండరు వెనక్కి జారుకుంది.